పటం మీద పసుపు మరక: కండిషన్ రిపోర్టులో ఏ కాలమ్‌లో రాయాలి, ఇంటర్న్‌షిప్ నివేదికలో ఎలా రాయాలి?

ప్రశ్న – కళాచరిత్ర_విద్యార్థిని

అందరికీ నమస్కారం. నేను హైదరాబాదులో కళాచరిత్రలో ఎమ్మే రెండో సంవత్సరం చదువుతున్నాను. ఈ వేసవి సెలవుల్లో ఒక కళా మ్యూజియంలో ఇంటర్న్‌షిప్ చేశాను. నా ప్రశ్న ఆ సంస్థ మంచిచెడుల గురించి కాదు కనుక దాని పేరు ఇక్కడ రాయడం లేదు. ఇప్పుడు కళాశాలకు అనుభవ నివేదిక ఇవ్వాలి. ఆశించిన లక్ష్యాలు, నేర్చుకున్న నైపుణ్యాలు, ఎదురైన సవాళ్ళు, సాధించిన ఫలితాలు అని నాలుగు శీర్షికలతో వాళ్ళు ఒక నమూనా ఇచ్చారు. నేను చేసిన పనిలో నాకు ముఖ్యమనిపించిన విషయం ఈ నాలుగింటిలో దేనిలోనూ సరిగా ఇమడడం లేదు.

వెళ్ళేముందు నేను ఊహించుకున్నది గ్యాలరీ పని. సందర్శకులకు చిత్రాల గురించి చెప్పడం, కొత్త ప్రదర్శన ఎలా రూపుదిద్దుకుంటుందో దగ్గరుండి చూడడం అనుకున్నాను. అప్పగించింది మాత్రం రిజర్వు స్టోరులో పని. ప్రదర్శనలో లేని వస్తువులను ఒక్కొక్కటిగా బల్ల మీదికి తీయడం, అక్సెషన్ రిజిస్టరుతో (సేకరణలోకి వచ్చిన ప్రతి వస్తువుకూ సంఖ్య వేసి నమోదు చేసే పుస్తకం) సరిచూడడం, కొలతలు తీసుకోవడం, ఫొటో తీసేవారికి సాయం చేయడం, కండిషన్ రిపోర్టు (వస్తువు ఏ స్థితిలో ఉందో రాసే ఫారం) నింపడం, ఆ తర్వాత అవే వివరాలను కంప్యూటరులోకి ఎక్కించడం. స్టోరులోకి పెన్ను తీసుకువెళ్ళనివ్వరు, పెన్సిలు ఒక్కటే. గాజులు, ఉంగరాలు, మెడలో వేలాడే గుర్తింపు కార్డు బయట సొరుగులో పెట్టి లోపలికి వెళ్ళాలి. కొన్నాళ్ళపాటు ఇది గుమస్తా పనేనని నాలో నేను గొణుక్కున్న మాట నిజం.

తర్వాత ఒక రోజు బల్ల మీదికి ఒక పటం వచ్చింది. తెలంగాణలో కథకులు ఊరూరా తిరిగి కులపురాణాలు చెప్పేటప్పుడు వేలాడదీసే పొడవాటి బట్ట మీద బొమ్మల పటం, నేడు చేర్యాల పేరుతో మనమంతా చెప్పుకునే, నకాషీ చిత్రకారుల పద్ధతిది. వెడల్పు మూడడుగుల లోపే, పొడవు మాత్రం చాలా ఎక్కువ. అందువల్ల బల్ల మీద ఒకేసారి విప్పలేము. ఒక చివర విప్పుతూ మరో చివర చుడుతూ దృశ్యం తర్వాత దృశ్యంగా చూడాలి. రిజిస్టరులో దాని వివరం ఇంతే: "చిత్రించిన వస్త్రం, పౌరాణిక దృశ్యాలు, తెలంగాణ, చిత్రకారుడు తెలియదు, కొనుగోలు." అందులో కొన్న సంవత్సరం ఉంది, అమ్మిన వ్యాపారి పేరు ఉంది, ఇచ్చిన ధర ఉంది. అది ఏ పురాణమో, ఎవరి కోసం గీసిందో, ఏ ఊరి నుంచి వచ్చిందో లేదు.

మొదటి దృశ్యంలో వినాయకుడున్నాడు. ఆయన పాదాల దగ్గర, తొండం పక్కన పసుపు, కుంకుమ అద్దిన మరకలు ఉన్నాయి. ఒక్కసారి అద్దినట్టు కాదు, ఒకదాని మీద ఒకటి పేరుకుని, కొన్నిచోట్ల వేలి కొనల ఆకారం స్పష్టంగా తెలిసేలా ఉన్నాయి. ఇంకాస్త కింద హారతి మసి. పటం వెనుక, చిరిగినచోట, రంగు చీర ముక్క ఒకటి పెట్టి చేత్తో కుట్టిన అతుకు ఉంది. కండిషన్ రిపోర్టులో వీటన్నింటికీ నాకు దొరికిన కాలమ్ ఒక్కటే, అది "నష్టం". దాని కింద మరక, చిరుగు, పురుగు, బూజు, పాత మరమ్మతు అని వరుసగా గుర్తు పెట్టుకునే చోట్లు ఉన్నాయి. నేను మరక ఎదురుగా, పాత మరమ్మతు ఎదురుగా గుర్తు పెట్టాను. ఫారం ప్రకారం అది సరైన పనే. అయినా ఆ పటం గురించి రిజిస్టరు కన్నా ఎక్కువ చెబుతున్నవి ఆ మరకలే కదా అన్న ఆలోచన అప్పటి నుంచి వదలడం లేదు.

నేను అడగదలచినవి మూడు. ఇలాంటి ఆనవాళ్ళను కండిషన్ రిపోర్టులో నిజానికి ఎలా నమోదు చేస్తారు? రిజిస్టరులో వివరాలు పలుచగా ఉన్న సంగతిని, సంస్థను తప్పుపట్టినట్టు కాకుండా నివేదికలో రాయడం సాధ్యమా? ఇంటర్న్‌షిప్ మొత్తాన్ని ఒక్క వస్తువు చుట్టూ తిప్పి రాస్తే మూల్యాంకనం చేసేవారు ఒప్పుకుంటారా?

సమాధానం – విశ్రాంత_క్యూరేటర్

అమ్మా, మీ మూడో ప్రశ్నతో మొదలుపెడతాను. ఒక్క వస్తువు చుట్టూ రాయండి. నేను ఉద్యోగంలో ఉన్నప్పుడు ఏటా ఇంటర్న్‌ల నివేదికలు చదివేవాణ్ణి. "సేకరణ నిర్వహణలో మెలకువలు నేర్చుకున్నాను, బృందంతో కలిసి పనిచేయడం తెలిసింది" అన్న వాక్యాలు ఒక నివేదిక నుంచి ఇంకో నివేదికకు చేయి మార్చుకుంటూ వచ్చేవి. వస్తువును నిజంగా చూసిన విద్యార్థి ఎవరో, చూడని విద్యార్థి ఎవరో రెండో పేరాలోనే తెలిసిపోయేది. కళాశాల నమూనాలోని నాలుగు శీర్షికలను అలాగే ఉంచండి, కానీ నాలుగింటి కిందా ఆ పటమే ఉండనివ్వండి. కొలవడం, వర్ణించడం, సరిచూడడం, అనుమానించడం నైపుణ్యాలు కావని ఏ అధ్యాపకుడూ అనలేడు.

ఇక రిజిస్టరు సంగతి. అక్సెషన్ రిజిస్టరు వస్తువు చరిత్ర రాయడానికి పుట్టిన పుస్తకం కాదు. వస్తువు సంస్థ ఆస్తి అయిందని రుజువు చేయడానికి, ఆడిట్‌లో లెక్క అప్పజెప్పడానికి పుట్టింది. అందుకే అందులో ధర ఉంటుంది, అమ్మినవారి పేరు ఉంటుంది, బొమ్మలో ఏముందో ఉండకపోవచ్చు. కొనేటప్పుడు వ్యాపారి చెప్పిన రెండు ముక్కలే రిజిస్టరులోకి ఎక్కుతాయి. తనకు ఎక్కడ దొరికిందో వ్యాపారి చెప్పడు, అది అతని వ్యాపార రహస్యం. దీన్ని మీరు ఏ ఒక్క సంస్థ లోపంగానో కాకుండా, రిజిస్టరు అనే పత్రం స్వభావంగా వివరిస్తే ఎవరినీ నొప్పించినట్టు కాదు. అందులో అబద్ధమూ లేదు.

ఒక పోలిక మీకు పనికొస్తుంది. సాలార్‌జంగ్ మ్యూజియంలో మేలిముసుగు రెబెకా విగ్రహం దగ్గరికి వెళ్ళిన బడిపిల్లవాడికి కూడా దాని శిల్పి జియోవన్నీ మరియా బెంజోనీ అని, మొదటి సాలార్‌జంగ్ 1876లో ఇటలీలో దాన్ని కొన్నారని తెలిసే వీలుంది. మీ పటం గీసిన నకాషీ కుటుంబం ఆ స్టోరు నుంచి బస్సులో సగం రోజు ప్రయాణమంత దూరంలో ఉండి ఉంటుంది, అయినా రిజిస్టరు "తెలియదు" అంటోంది. తెలియకపోవడానికి కారణం దూరం కాదు. పాలరాతి విగ్రహాన్ని కొన్నవాడు శిల్పి పేరు అడిగి కొన్నాడు. పటాన్ని కొన్నవాడికి ఆ ప్రశ్న తట్టలేదు.

అయితే ఆ రిజిస్టరును మరీ తీసిపారేయకండి. సాలార్‌జంగ్ సేకరణే చూడండి. 1949లో మూడో సాలార్‌జంగ్ మీర్ యూసుఫ్ అలీ ఖాన్ వారసులు లేకుండా కన్నుమూశారు. 1951 డిసెంబరులో వాళ్ళ నివాసమైన దివాన్ దేవిడీలో మ్యూజియం తెరుచుకుంది. 1968లో మూసీ ఒడ్డున ఉన్న ఇప్పటి భవనంలోకి మారింది. అన్ని వేల వస్తువులు ఒక ఇంటి నుంచి మరో ఇంటికి తరలేటప్పుడు ఒక వస్తువు ఇదేనని చెప్పగలిగేవి దాని మీది సంఖ్య, ఆ సంఖ్యకు ఎదురుగా ఎవరో గుమస్తా రాసిన ఒకటి రెండు పంక్తులు. ఇప్పుడు మ్యూజియం వస్తువుల వివరాలు నమోదు చేయడానికి కేంద్ర ప్రభుత్వ సంస్థ సీ-డాక్ పుణెలో తయారుచేసిన జతన్ సాఫ్ట్‌వేరు వచ్చింది. సాలార్‌జంగ్, నాగార్జునకొండ మ్యూజియంలతో పాటు పలు కేంద్ర మ్యూజియంలు తమ వివరాలను అందులోకి ఎక్కించాయి. కంప్యూటరులోకి ఎక్కినంత మాత్రాన వివరం పెరగదు. "పౌరాణిక దృశ్యాలు" అన్న మాట తెర మీద కూడా "పౌరాణిక దృశ్యాలు"గానే కనిపిస్తుంది. మీరు చేసిన పని ఎంత కీలకమో నివేదికలో చెప్పదలచుకుంటే ఇక్కడ చెప్పండి.

ఒక జాగ్రత్త. స్టోరు ఎక్కడుంది, ఏ అరలో ఏముంది, తాళాలెవరి దగ్గరుంటాయి, వస్తువు కొన్న ధర ఎంత అన్నవి నివేదికలో రాయకూడదు. కళాశాల నివేదికలు ఎవరెవరి చేతుల్లోకి వెళతాయో చెప్పలేము.

సమాధానం – బట్టల_కన్సర్వేటర్

మీ మొదటి ప్రశ్నకు నేను జవాబు చెప్పగలను, ఎందుకంటే బట్ట మీద చిత్రాలను పాడవకుండా కాపాడడమే నా రోజువారీ పని.

కండిషన్ రిపోర్టులో ముందుగా కనిపించినది రాయాలి, అది ఎలా వచ్చిందన్న ఊహను వేరే వాక్యంలో రాయాలి. "పూజ వల్ల కలిగిన మరక" అని మొదటే రాస్తే చదివేవాడికి మీ కన్ను కాక మీ నిర్ణయం అందుతుంది. "మొదటి దృశ్యంలో, కింది అంచు నుంచి ఇన్ని సెంటీమీటర్ల ఎత్తులో, ఇంత వెడల్పున, పసుపుపచ్చని పొడి పదార్థం పొరలుగా అంటి ఉంది, వేలి కొనల ఆకారాలు కనిపిస్తున్నాయి" అని రాసి, ఆ తర్వాత "వాడుకలో భాగంగా అద్దిన పసుపు అయివుండవచ్చు, శుభ్రం చేయవద్దు" అని చేర్చాలి. ఫారంలో "నష్టం" తప్ప వేరే కాలమ్ లేకపోతే గుర్తు అక్కడే పెట్టి, వ్యాఖ్యల భాగంలో ఈ రెండు వాక్యాలూ రాయాలి. చాలా మ్యూజియంలు ఇప్పుడు వాడుక ఆనవాళ్ళను నష్టం నుంచి విడదీసి నమోదు చేస్తున్నాయి. మీ ఫారం పాతది, అంతే.

"శుభ్రం చేయవద్దు" అన్న మాట ఎందుకంత ముఖ్యమో కూడా చెప్పాలి. ఈ పటాలకు నేత బట్ట మీద గంజి, చింతగింజల జిగురు, తెల్ల సుద్ద కలిపి పూత పూస్తారు. రంగులను కూడా జిగురు నీటితోనే కలుపుతారు. ఈ నిర్మాణంలో తడికి తట్టుకునే పొర ఒక్కటీ లేదు. ఎవరో ఉత్సాహపడి తడి దూదితో మరక తుడిస్తే పసుపుతో పాటు వినాయకుడి పాదం కూడా లేచి వస్తుంది. మరో సంగతి, గంజి, చింతగింజల జిగురు పురుగులకు ఇష్టమైన తిండి. మీరు పటం అంచుల్లో, మడతల్లో పూత గీరినట్టు, పలుచబడినట్టు చూసి ఉంటే అది సిల్వర్ ఫిష్ అనే పురుగు పని కావచ్చు. అది మాత్రం ఏ సందేహమూ లేకుండా నష్టం కాలమ్‌లోకే వెళుతుంది.

అది పసుపేనా అని తేల్చడానికి మనవాళ్ళకు తెలిసిన పద్ధతి సున్నం తగిలించి ఎర్రబడుతుందేమో చూడడం. వంటింట్లో పారాణి కలిపేటప్పుడు బాగానే ఉంటుంది, మ్యూజియం వస్తువు మీద ఆలోచించనే కూడదు. చీకటి గదిలో అతినీలలోహిత దీపం కింద చూస్తే పసుపులోని కర్‌క్యుమిన్ అనే రంగు పదార్థం ఆకుపచ్చ ఛాయ ఉన్న పసుపు వెలుగుతో మెరుస్తుంది. పటాల్లో పసుపు రంగుకు వాడే హరిదళం అనే ఖనిజం అలా మెరవదు. వస్తువును తాకకుండానే మీ సందేహం చాలావరకు తీరుతుంది. స్టోరులో ఆ దీపం ఉంటే మీ పర్యవేక్షకులను అడిగి ఒకసారి చూడండి.

మీరు అడగని విషయం ఒకటి చెబుతాను, ఎందుకంటే నివేదికకు పనికొస్తుంది. బట్ట, కాగితం మీది చిత్రాలకు వెలుతురు 50 లక్స్ దాటకూడదన్నది మ్యూజియంలలో పాటించే లెక్క. ఆ వెలుతురులో కూడా కర్‌క్యుమిన్ నిలవదు, వెలుతురుకు అతి త్వరగా వెలిసిపోయే రంగుల్లో అది ఒకటి. రేపు ఎవరైనా ఈ పటాన్ని గ్యాలరీలో నెలల తరబడి పెడితే ఎర్రరంగు కన్నా ముందు మీ మరకే మాయమవుతుంది. ఎవరూ తుడవకుండానే అది పోతుంది. కాబట్టి రిపోర్టులో మరకను వర్ణించి, ఫొటో జతచేసి, ప్రదర్శన కాలానికి పరిమితి ఉండాలని సూచిస్తే మీరు ఆ పటానికి ఇంటర్న్ స్థాయిలో చేయగలిగిన మేలు చేసినట్టే.

వెనుక ఉన్న చీర ముక్క అతుకును ఎవరూ విప్పకుండా చూడండి. దారం ఏ రంగు, కుట్టు ఎలాంటిది, అతుకు బట్ట మీద ఏ అచ్చు ఉంది, అన్నీ రాయండి. కథకుడో, అతని ఇంటివాళ్ళో చేసిన మరమ్మతు అది. మన మరమ్మతుల కన్నా కొన్నిసార్లు అవే గట్టివి.

సమాధానం – సిద్దిపేట_పెద్దాయన

కళాచరిత్ర చదువుకున్నవాణ్ణి కాను, ఉపాధ్యాయుడిగా పదవీ విరమణ చేశాను. మాది పద్మశాలి కుటుంబం. ఈ చర్చ చూసి రాయకుండా ఉండలేకపోయాను.

పటం ఏ పురాణానిదో తెలుసుకోవడం మీరనుకున్నంత కష్టం కాదు. ఒక్కొక్క కులానికి ఒక్కొక్క పురాణం, దాన్ని చెప్పడానికి హక్కున్న కథకులు వేరే ఉంటారు. మా పద్మశాలీలకు మార్కండేయ పురాణం చెప్పేవారు కూనపులివారు. ముదిరాజులకు పాండవుల కథ చెప్పేవారు కాకిపడగలవారు. మాదిగలకు జాంబపురాణం చెప్పేవారు డక్కలివారు. ఏ ఊళ్ళో ఎవరు చెప్పాలన్నది కూడా వాళ్ళలో వాళ్ళు పంచుకున్న హక్కే, ఒకరి ఊరికి ఇంకొకరు వెళ్ళరు. అందుచేత ఆ పటంలో మగ్గం కనిపిస్తుందా, పెద్దపులి మీద కూర్చున్న ఋషి కనిపిస్తాడా చూడండి. ఆ రెండూ ఉంటే అది మార్కండేయుడి కొడుకు, మా కుల మూలపురుషుడు భావనాఋషి కథ, పటం మా కులందని నమ్మవచ్చు. తాటిచెట్టు, కల్లు గీసే మనిషి ప్రధానంగా ఉంటే గౌడులది అయివుంటుంది.

మా చిన్నతనంలో కూనపులివారు వచ్చారంటే వాడలో పండుగే. గుంజలు పాతి పటాన్ని వేలాడదీసి, ముందు వినాయకుడి బొమ్మకు పసుపు కుంకుమ పెట్టి, కొబ్బరికాయ కొట్టి, హారతి ఇచ్చేవారు. ఆ తర్వాతే కథ. పొద్దుపోయాక మొదలుపెట్టి, కథకుడు చేతి కర్రతో బొమ్మను చూపిస్తూ పాడుతుంటే వెనుక మద్దెల, తాళాలు అందుకునేవి. చూపించిన దృశ్యం అయిపోగానే పటాన్ని చుడుతూ తర్వాతి దృశ్యం విప్పేవారు. ఒక రాత్రితో అయిపోయేది కాదు. ధాన్యం, బట్టలు, డబ్బు వాడంతా కలిసి ఇచ్చుకునేవాళ్ళం. మీరు చూసిన పసుపు పొరలు ఒకదాని మీద ఒకటి ఉన్నాయన్నారు చూడండి, ఒక్కో పొర ఒక్కో ఊరిదో, ఒక్కో ఏటిదో అయివుంటుంది. దాన్ని "మరక" అని రాసినందుకు నాకేమీ కోపం లేదు, ఫారం అలా ఉంది కదా.

నాకు బాధ కలిగించింది ఇంకొకటి. పటం పాతబడి వాడుకకు పనికిరాకపోతే కొత్తది గీయించుకుని పాతదాన్ని నదిలో కలపడం ఆచారం. అలా కలపకుండా పటం వ్యాపారి చేతికి వచ్చిందంటే ఆ కథకుడి ఇంట్లో కథ చెప్పేవారు మిగలలేదేమో, పూట గడవలేదేమో అనిపిస్తుంది. రిజిస్టరులో "కొనుగోలు" అన్న ఒక్క మాట వెనుక ఆ ఇంటి సంగతి ఉంది. ఆ పటాన్ని బతికి ఉన్న కూనపులివారిలో ఎవరికైనా ఒకసారి చూపిస్తే, వేలాడదీసి కథ చెప్పనిస్తే, మీ రిజిస్టరు ఒక్క రాత్రిలో నిండుతుంది.

సమాధానం – బట్టల_కన్సర్వేటర్

పెద్దాయన గారూ, కథకులకు చూపించాలన్న మీ మాట అక్షరాలా సరైనది. స్టోరులో వస్తువు చూడడానికి అనుమతి కోరుతూ దరఖాస్తు ఇవ్వవచ్చు, పరిశోధకులకు ఇస్తారు, కథకులకు ఇవ్వకూడదన్న నియమం నేనెక్కడా చూడలేదు. వేలాడదీయడానికి మాత్రం ఒప్పుకోలేను. ఆ పొడవున్న పాత బట్ట తన బరువును తానే మోయాలి, పై అంచున పూత పగులుతుంది, ఒక్క రాత్రికే చాలా పోతుంది. బల్ల మీద విప్పుతూ చుడుతూ చూపించి, కథ చెప్పించి, ధ్వని ముద్రించుకోవచ్చు.

సమాధానం – సిద్దిపేట_పెద్దాయన

బల్ల మీద పడుకోబెట్టిన పటానికి కథ చెప్పడం ఎలా కుదురుతుందో నాకైతే తెలియదు. వాళ్ళనే అడగండి.

సమాధానం – రెండేళ్ళ_కిందటి_ఇంటర్న్

అందరూ పటం గురించే రాస్తున్నారు, నేను ఇంకో వైపు నుంచి రాస్తాను. మీకు స్టైపెండు ఇచ్చారా? ప్రశ్నలో ఆ మాట లేదు. నాకు ఇవ్వలేదు, ధ్రువపత్రం ఇచ్చారు. వేసవంతా జీతం లేకుండా పని చేయగలిగింది నగరంలో సొంత ఇల్లు ఉన్నవారే. జిల్లాల నుంచి వచ్చిన మా తరగతి వారిలో ఎక్కువ మంది హాస్టలు సెలవుల్లో మూసేస్తారు కనుక దరఖాస్తే పెట్టలేదు. పటం ఎవరిదో గుర్తుపట్టగలిగిన నేత కుటుంబపు పిల్లలు ఆ స్టోరు దాకా రాలేకపోవడానికి ఇదొక కారణం. "సవాళ్ళు" అనే శీర్షిక కింద ఇది రాస్తే బాగుంటుందని నా అభిప్రాయం. నేను రాశాను, మార్కులేమీ తగ్గలేదు.

క్యూరేటర్ గారి సలహాతో ఒక్కచోట విభేదిస్తాను. మూల్యాంకనం చేసే అధ్యాపకులందరూ వస్తువు గురించి చదవాలని కూర్చోరు. ఏయే పనులు, ఎన్ని వస్తువులకు రిపోర్టులు, ఏ సాఫ్ట్‌వేరు అన్న వివరం ఒక పుటలో పట్టికగా పెట్టండి. ఆ పుట వాళ్ళకు, మిగతాది మీకు.

సమాధానం – లండన్‌లో_చదువు

నేను గుంటూరు జిల్లా నుంచి వచ్చి ఇక్కడ మ్యూజియం అధ్యయనాల కోర్సు చేస్తున్నాను. రిజిస్టరు గురించి క్యూరేటర్ గారు రాసినది చదివాక బ్రిటిష్ మ్యూజియంలోని అమరావతి బౌద్ధ స్తూపపు శిల్పాల సంఖ్యలు గుర్తొచ్చాయి. వాటిలో చాలావాటి నమోదు సంఖ్య 1880,0709తో మొదలవుతుంది. అంటే 1880వ సంవత్సరం, 7వ నెల, 9వ తేదీ. అది ఆ మ్యూజియం లెక్కలోకి వాటిని ఎక్కించుకున్న తేదీ. మద్రాసు ప్రభుత్వ అధికారి వాల్టర్ ఇలియట్ అమరావతిలో తవ్వించింది 1845లో. ఆ రాళ్ళు మద్రాసులో ఏళ్ళ తరబడి పడి ఉండి, ఓడెక్కి ఈ దేశానికి చేరింది 1859లో. సంఖ్య చూస్తే ఇవేవీ తెలియవు. గ్యాలరీలో నిలబడి ఆ శిల్పాలను చూసేటప్పుడు మనకు అమరావతి కనిపిస్తుంది. సంఖ్యలో కనిపించేది మాత్రం లండన్‌లో ఇండియా మ్యూజియం నుంచి బ్రిటిష్ మ్యూజియానికి జరిగిన ఒక కార్యాలయ బదిలీ.

ఆ సేకరణలో ఒక పలక ఉంది. దాని ఒక ముఖాన సుమారు క్రీస్తుపూర్వం 1వ శతాబ్దంలో చెక్కిన బోధివృక్ష పూజ, రెండో ముఖాన దాదాపు మూడు వందల ఏళ్ళ తర్వాత అదే రాయిని తిప్పి చెక్కిన స్తూపం. రెండోసారి చెక్కినవారు మొదటి ముఖాన్ని వెనక్కి తిప్పి వాడుకున్నారు. దాన్ని ఎవరూ నష్టం అని అనరు, ఆ తిప్పడమే ఆ రాతికి విలువ తెచ్చింది. మీ పటం మీది చీర ముక్క అతుకు గురించి చదివినప్పుడు నాకు ఈ పలకే తోచింది.

గుమస్తా పని అన్నారు కదా, దాని గురించి కూడా ఒక మాట. 1816లో ఈస్టిండియా కంపెనీ సర్వేయరు కోలిన్ మెకంజీ తన చిత్రకారులతో అమరావతికి వచ్చి పలకలను కొలిచి గీయించాడు. ఆ రాళ్ళలో కొన్ని ఆ తర్వాత కనిపించకుండా పోయాయి, సున్నం కోసం కాల్చినవీ ఉన్నాయి. పోయిన రాళ్ళకు మిగిలిన ఆధారం ఆ కొలతలూ ఆ బొమ్మలే. కళాచరిత్రకారులు ఈనాటికీ ఆ కాగితాలు పట్టుకునే స్తూపం ఆకారాన్ని ఊహిస్తున్నారు.

కళాచరిత్ర_విద్యార్థిని

ఇంత ఓపికగా రాసినందుకు అందరికీ ధన్యవాదాలు. స్టోరులో తీసిన ఫొటోలు మ్యూజియం దగ్గరే ఉండాలి కనుక నా దగ్గర లేవు, కానీ దృశ్యాల వరుసను నా నోటుపుస్తకంలో పెన్సిలుతో గీసుకున్నాను. పెద్దాయన గారు చెప్పాక తీసి చూశాను. ఐదో దృశ్యంలో గుంట మగ్గం మీద కూర్చున్న మనిషి ఉన్నాడు, పక్కన నూలు కండెల బుట్ట కూడా గీసుకున్నాను. మరికొన్ని దృశ్యాల తర్వాత పులి మీద కూర్చున్న జడల ఋషి. నేను అప్పుడు అతన్ని శివుడికి సంబంధించిన ఎవరో అనుకుని పక్కన ప్రశ్నార్థకం పెట్టుకున్నాను.

స్టైపెండు ఇవ్వలేదు. అత్తయ్య ఇల్లు నగరంలోనే ఉండడం వల్ల సాధ్యమైంది, ఆ సంగతి నివేదికలో రాస్తాను. పట్టిక సలహా కూడా పాటిస్తాను. అతినీలలోహిత దీపం అక్కడ ఉంది, నకిలీ చిత్రాల పరిశీలనకు వాడతారట. వచ్చే వారం మళ్ళీ వెళ్ళడానికి అనుమతి అడిగాను. చివరి సందేహం ఒకటే. "పద్మశాలీల మార్కండేయ పురాణ పటం" అని నివేదికలో ఖాయంగా రాయవచ్చా? రాస్తే రిజిస్టరులో కూడా మార్చమని అడగవచ్చా?

సమాధానం – విశ్రాంత_క్యూరేటర్

ఖాయంగా రాయకండి. "మగ్గం, పులినెక్కిన ఋషి ఉన్న దృశ్యాలను బట్టి పద్మశాలీల మార్కండేయ పురాణ పటం అయివుండవచ్చు, కూనపులి కథకులతో నిర్ధారించుకోవాలి" అని రాయండి. ఎవరు చెప్పగా అనుమానం వచ్చిందో కూడా రాయండి. పెద్దాయన గారి పేరు రాయడానికి ఆయన ఒప్పుకుంటే మరీ మంచిది.

రిజిస్టరును మార్చమని అడగకండి, మార్చరు, మార్చకూడదు కూడా. అక్సెషన్ రిజిస్టరులో దిద్దుబాటు అంటే ఆడిట్ అభ్యంతరం. దానికి బదులు ప్రతి వస్తువుకూ ఉండే ఫైలులో చేర్చడానికి ఒక గమనిక రాసి ఇవ్వండి. దృశ్యాల వరుస, మీ పెన్సిలు బొమ్మల నకలు, మరకల వర్ణన, దీపం కింద కనిపించినది, అతుకు వివరం, ఇవన్నీ రెండు మూడు పుటల్లో పెట్టి, పైన అక్సెషన్ సంఖ్య, కింద మీ పేరు, కళాశాల, తేదీ రాయండి. తేదీ లేని గమనికను ఇరవై ఏళ్ళ తర్వాత తెరిచినవాడు నమ్మడు. జతన్‌లోగానీ మీ మ్యూజియం వాడే మరే వ్యవస్థలోగానీ వ్యాఖ్యల భాగంలో "ఫైలు గమనిక చూడండి" అని ఒక్క పంక్తి ఎక్కించమని పర్యవేక్షకులను అడగండి. అది మామూలుగా వాళ్ళ అధికార పరిధిలోనే ఉంటుంది.

గమనిక ఒక నకలు మీ దగ్గర ఉంచుకుని, ఇచ్చినట్టు రసీదు తీసుకోండి.